ఢిల్లీనుండి శాన్ ఫ్రాన్సిస్కోకు దూరమెంత?

రెండు విమానాశ్రయముల నడుమ దూరమెంత, ప్రయాణమునకు ఎన్ని గంటలు పట్టును అను ప్రశ్న మిక్కిలి సులభమైనదిగా గన్పట్టును. హైదరాబాదునుండి ఢిల్లీకి పోవువానికి నిజముగ సులభమే. శంషాబాదు విమానాశ్రయమునుండి ఢిల్లీ విమానాశ్రయమునకు తిన్నగా కొలిచినచో సుమారు 1,260 కిలోమీటర్లు. విమానము రెండుగంటలకు పైచిల్లరలో చేరును. రైలుబండి యీ రెండు నగరములకు నడుమ 1,600 కిలోమీటర్లకు పైగా నడువవలెను గావున ఆకాశమార్గము దగ్గరిదని చెప్పి లెక్కను ముగింపవచ్చును.

కాని మన విద్యార్థులలో అనేకుల యన్నలు, అక్కలు, పినతండ్రులు అమెరికాదేశపు పశ్చిమతీరమున నున్నారు. వారిని విమానమెక్కించి వచ్చిన తలిదండ్రులు ఆ రాత్రి నిద్రింపరు. గడియారము చూచుచు, ఇప్పుడు విమానము ఏ సముద్రముమీద నున్నదో, రేపు ఏ వేళకు దిగునో యని యెంచుకొనుచుందురు. అట్టివారికి ఢిల్లీనుండి శాన్ ఫ్రాన్సిస్కోకు దూరమెంత యను ప్రశ్న కేవలము భూగోళపాఠము కాదు. ఈ ప్రశ్నకు ఒక్క సమాధానము లేదు. గోళముమీద కొలిచిన దూరము వేరు, విమానము నిజముగ పోవు దూరము వేరు; ఈ రెంటిలో దేనినిబట్టియు ప్రయాణకాలమును నిశ్చయముగా చెప్పజాలము. ఎక్కువ దూరము పోయిన విమానము తక్కువ కాలములో చేరిన సంగతి కూడ గలదు. దానినే యిచట వివరింపదలచితిమి.

మొదట గోళము. పాఠశాలలోని భూగోళమును తీసికొని ఢిల్లీమీద ఒక గుండుసూదిని, శాన్ ఫ్రాన్సిస్కోమీద ఒక గుండుసూదిని ఉంచి, వాని నడుమ దారమును బిగువుగా లాగిపట్టుడు. దారము తూర్పునకును పోదు, పడమటికిని పోదు. ఇంచుమించు ఉత్తరమునకే పోవును. హిమాలయములను టిబెట్టును దాటి, సైబీరియాను అడ్డముగా కోసికొనిపోయి, దానికి ఆవల గడ్డకట్టిన ఆర్కిటిక్ సముద్రముమీద 75 అంశల ఉత్తర అక్షాంశమును మించి, అచ్చటినుండి అలాస్కామీదుగా దిగి కాలిఫోర్నియాను చేరును. గోళముపై రెండు స్థలములకు నడుమ అన్నిటికంటె పొట్టిదారి యిదియే. భూకేంద్రముగుండ కత్తితో కోసినట్లు ఏర్పడు వృత్తములో ఇది యొక భాగము గనుక దీనిని మహావృత్తమార్గమందురు.

ఈ దారము పొడవును లెక్కించుట కష్టముగాదు. భూకేంద్రమునుండి చూచినచో ఢిల్లీకిని శాన్ ఫ్రాన్సిస్కోకును నడుమ కోణము సుమారు 111⅓ అంశలు. ఒక్కొక్క అంశకు 60 కలలు. ఒక కలకు సరిపడు భూతలదూరమే నావికులును వైమానికులును వాడు నాటికల్ మైలు, అది 1.852 కిలోమీటర్లు. కావున 111⅓ను 60 చేత హెచ్చించగా 6,680 నాటికల్ మైళ్లు, అనగా సుమారు 12,370 కిలోమీటర్లు. భూమి సరియైన బంతి గాదు. ధ్రువములయొద్ద కొంచెము నొక్కబడి, భూమధ్యరేఖయొద్ద వ్యాసార్ధము 6,378 కిలోమీటర్లును, ధ్రువమువైపు 6,357 కిలోమీటర్లునై యున్నది. ఆ కారణమున మన లెక్కలో కొద్ది కిలోమీటర్లు అటునిటు కావచ్చును. మన ప్రయోజనమున కది బాధకము గాదు.

గోడకు వ్రేలాడు పటముమీద మాత్రము దూరమును కొలువరాదు. సాధారణముగా తరగతిగదులలో కనబడు మెర్కేటర్ పటమున ధ్రువప్రాంతములు మితిమీరి సాగదీయబడును. దానిపై ఢిల్లీనుండి తూర్పుగా శాన్ ఫ్రాన్సిస్కోకు బద్దపెట్టి గీతగీసినచో ఆ గీత చైనా, జపానుల మీదుగా పసిఫిక్ మహాసముద్రమును దాటును. చూచుటకు అది చక్కని పొట్టిదారి. లెక్కకు మాత్రము అది ఇంచుమించు 15,000 కిలోమీటర్లు! దారము చూపిన దారికంటె 2,600 కిలోమీటర్లకు పైగా అధికము. ఈ సంఖ్యను జ్ఞాపకముంచుకొనుడు. దీనితో పని యున్నది.

దగ్గరిదారి తెలిసియుండగా విమానము దానివెంటనే పోరాదా? పోలేదు. మొదటి అడ్డంకి టిబెట్టు. విమానము పర్వతములకంటె మిక్కిలి పైన, పదికిలోమీటర్ల యెత్తున ఎగురును గనుక కొండలు తగులునన్న భయము లేదు. భయము వేరొకటి. ఆ యెత్తున గాలి మిక్కిలి పలుచన. మానవుడు అచట ఊపిరి పీల్చి బ్రతుకజాలడు. కావున విమానములోనికి గాలిని ఒత్తి నింపుదురు. ఏ కారణముచేతనైనను ఆ యొత్తిడి పోయినచో పైనుండి ముఖములకు తగిలించుకొను తొడుగులు జారును. కాని వానిలోని ప్రాణవాయువు పెక్కువిమానములలో పావుగంట ప్రాంతమునకే చాలును. ఆలోపుగా విమానము మూడు కిలోమీటర్ల యెత్తునకు దిగవలెను. టిబెట్టు పీఠభూమియో, సగటున నాలుగున్నర కిలోమీటర్లకు మించిన యెత్తున నున్నది. దిగుటకు చోటేది? అందుచేత విమానములు సామాన్యముగా ఆ పీఠభూమిని తప్పించుకొని చుట్టుతిరిగి పోవును. నేలమీద నడచువానికి కొండ అడ్డము. ఆకాశమున పోవువానికి కూడ అది మరియొక విధముగ అడ్డమే యైనది.

ఇక గాలి. ఈ విషయము రసవత్తరమైనది గనుక కొంచెము విస్తరించి చెప్పెదము.

భూమికి తొమ్మిది మొదలు పండ్రెండు కిలోమీటర్ల యెత్తున, సమశీతోష్ణ మండలములపైన, పడమటినుండి తూర్పునకు గొప్ప వాయుప్రవాహములు నదులవలె ప్రవహించుచుండును. ఉష్ణమండలపు వేడికిని ధ్రువపు చలికిని గల వ్యత్యాసమును, భూభ్రమణమును వీనికి కారణములు. చలికాలమున ఆ వ్యత్యాసము హెచ్చును గనుక ప్రవాహవేగమును హెచ్చును. గంటకు 150 కిలోమీటర్లు సామాన్యము, 300 కిలోమీటర్లు దాటుటయు గలదు. వీనిని జెట్ ప్రవాహములందురు.

వీనిని నిలుకడగా పరిశీలించినవారిలో మొదటివాడు జపాను దేశీయుడగు వాసబురో ఓయిషి. ఆయన తతేనో వాతావరణ పరిశోధనాలయమున అధ్యక్షుడై, 1920 తరువాతి సంవత్సరములలో చిన్న బెలూనులను ఆకాశమునకు వదలి, కోణమానయంత్రముతో వాని పోకడను గుర్తించి, పై గాలుల వేగమును లెక్కకట్టెను. శీతకాలమున జపానుపైన అతివేగమైన పడమటిగాలి వీచునని కనుగొనెను. లోకమంతయు చదువవలెనని కోరి తన నివేదికను 1926లో ఎస్పరాంటో భాషలో ప్రకటించెను. సర్వజాతులకు సమానముగా నుండవలెనని 1887లో కల్పింపబడిన భాష అది. అందరికొరకు కల్పింపబడిన ఆ భాష తెలిసినవారు మిక్కిలి కొలది. కావున ఆ నివేదికను విదేశములలో పట్టించుకొన్నవారు లేకపోయిరి. 1944వ సంవత్సరాంతమున అమెరికా బాంబర్లు టోకియోమీద మిక్కిలి యెత్తున ఎగిరినప్పుడు ఆ గాలి వానిని బలముగ నెట్టివేయగా వైమానికులు ఆశ్చర్యపోయిరి. వారు విడిచిన బాంబులు గురితప్పెను.

జపాను సైన్యము ఆ గాలిని ఎరిగియుండెను. దానిని ఆయుధముగ వాడుకొనెను. 1944 నవంబరు మొదలు 1945 ఏప్రిలు వరకు సుమారు 9,000 కాగితపు బెలూనులకు బాంబులను కట్టి గాలికి వదలిరి. అవి పసిఫిక్ మహాసముద్రమును కొలదిదినములలో దాటెను. ఆ బెలూనుల కాగితమును పొరలుపొరలుగా అంటించినవారిలో ఉన్నతపాఠశాలల బాలికలు పెక్కండ్రుండిరి. 1945 మే 5వ తేదీన ఓరిగాన్ రాష్ట్రమున బ్లై గ్రామసమీపపు అడవిలో, ఆదివార పాఠశాల పిల్లలు అయిదుగురు తమ పాదిరిగారితోను ఆయన భార్యతోను వనభోజనమునకు పోయి, నేలబడియున్న ఒక బెలూనును చూచిరి. బాంబు ప్రేలి ఆ అయిదుగురును, గర్భవతియైన ఆ యిల్లాలును మరణించిరి. బెలూనులు చేసిన బాలికలలో కొందరు పెద్దవారైన పిదప ఈ సంగతి తెలిసికొని, వేయి కాగితపు కొంగలను మడచి ఆ పిల్లల బంధువులకు పంపిరి.

ఆ గాలియే యిప్పుడు మన ప్రయాణికులకు తోడ్పడుచున్నది. ఎట్లనగా: విమానవేగము గాలినిబట్టి కొలువబడునది. గోదావరిలో ప్రవాహమువెంట పోవు పడవయు, ఎదురేగు పడవయు నీటిని ఒక్క బలముతోనే త్రోయవచ్చును. గట్టుననున్నవానికి మాత్రము ఒకటి పరుగిడినట్లును, మరియొకటి ప్రాకినట్లును తోచును. పెద్ద విమానము నిశ్చలమైన గాలిలో గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోవుననుకొందము. వెనుకనుండి 100 కిలోమీటర్ల గాలి నెట్టిన నేలమీద దానివేగము 1,000. అదియే ఎదురుగా వీచిన 800.

ఇచట బాలురకొక చిన్నలెక్క. పోవునప్పుడు కలిసివచ్చిన గాలి వచ్చునప్పుడు నష్టపెట్టును గనుక లాభనష్టములు సరిపోవునని తోచును. సరిపోవు. దూరము 3,600 కిలోమీటర్లనుకొనుడు. గాలి లేనిచో పోవుటకు 4 గంటలు, వచ్చుటకు 4 గంటలు, మొత్తము 8 గంటలు. గాలి యున్నచో పోవుటకు 3 గంటల 36 నిమిషములు, వచ్చుటకు 4 గంటల 30 నిమిషములు. మొత్తము 8 గంటల 6 నిమిషములు. ఆరు నిమిషములు నష్టము. ఎదురుగాలిలో విమానము ఎక్కువసేపు ఉండవలసివచ్చుటయే దీనికి కారణము. గాలి బలముగా నున్నకొలది ఈ నష్టము పెరుగును. కావలసినవారు 200 కిలోమీటర్ల గాలితో చేసిచూడవచ్చును.

ఈ లెక్కలోని నష్టమును తప్పించుకొను ఉపాయము ఒకటి గలదు: పోవునప్పుడును వచ్చునప్పుడును గాలి వెనుకనే యుండునట్లు భూమిని చుట్టివచ్చుట! భూమి గుండ్రన గనుక ఢిల్లీనుండి శాన్ ఫ్రాన్సిస్కోకు పడమటగా పోయినను చేరవచ్చును, తూర్పుగా పోయినను చేరవచ్చును. రెండు నగరముల రేఖాంశములకు నడుమ వ్యత్యాసము తూర్పుగా 160½ అంశలు, పడమటగా 199½ అంశలు. ఇంచుమించు అవి భూమికి ఎదురెదురు వైపుల నున్నవి.

ఎయిర్ ఇండియా సంస్థ 2015 డిసెంబరులో ఢిల్లీనుండి శాన్ ఫ్రాన్సిస్కోకు నడుమ ఎచ్చటను దిగకుండ పోవు విమానమును ప్రారంభించెను. మొదట అది పడమటగా, ఐరోపాను అట్లాంటిక్ మహాసముద్రమును దాటి పోవుచుండెను. ఆ దారి సుమారు 13,900 కిలోమీటర్లు. గాలి ఎక్కువభాగము ఎదురు. 2016 అక్టోబరు 16వ తేదీన ఆ సంస్థ విమానమును తూర్పుగా, పసిఫిక్ మహాసముద్రముమీదుగా పంపెను. ఆ దారి సుమారు 15,300 కిలోమీటర్లు. మన గోడపటముమీది తప్పుగీతకంటెను కొంచెము ఎక్కువ! అయినను విమానము పదునాలుగున్నర గంటలలో చేరెను. 15,300ను 14½ చేత భాగింపగా గంటకు సుమారు 1,055 కిలోమీటర్లు వచ్చును. దాని స్వంతవేగము 900 అనుకొన్నచో తక్కిన 155 కిలోమీటర్లు గాలి ఇచ్చిన దానము. పడమటిదారిలో ఎదురుగాలికి తగ్గి సగటున గంటకు 850 వంతున పోయెననుకొన్నను 13,900 కిలోమీటర్లకు 16 గంటలు దాటును. 1,400 కిలోమీటర్లు అధికముగ పోయి రెండుగంటలు మిగుల్చుకొనుట యనగా ఇదియే. ఈ సంగతి పటమునందు గాని గోళమునందు గాని కనబడదు.

గాలి ఏ దినమున కాదినము మారును గనుక మార్గమును కూడ ప్రతిదినము నిర్ణయింపవలసియుండును. దేశముల నడుమ కలహములును మార్గమును మార్చును. 2019 ఫిబ్రవరి చివరినుండి జూలై నడిమివరకు పాకిస్తాను తన ఆకాశమును మూసివేయగా ఢిల్లీనుండి పడమటికి పోవు విమానములు దక్షిణముగా చుట్టుతిరుగవలసివచ్చెను. 2025 ఏప్రిలులో భారతీయ విమానములకు ఆ ద్వారము మరల మూయబడెను. 2022లో రష్యా ఉక్రెయిను యుద్ధము ఆరంభము కాగా అమెరికా సంస్థయైన యునైటెడ్ రష్యామీదుగా ఎగురుట మాని, ఢిల్లీ శాన్ ఫ్రాన్సిస్కోల నడుమ నడుపుచున్న తన విమానమును నిలిపివేసెను. ఎయిర్ ఇండియా రష్యామీదుగ పోవుట మానలేదు. దాని ఫలమేమనగా 2023లో లోకమంతయు ఒక మారుమూల పట్టణము పేరు వినెను.

రెండే యంత్రములుగల విమానమునకు ఒక నియమము గలదు. దారిలో ఎచ్చటనున్నను, ఒక యంత్రము చెడినచో రెండవదానితో నియమితకాలములో చేరగలుగు విమానాశ్రయము ఒకటి ఉండి తీరవలెను. పూర్వము అమెరికాలో ఆ గడువు 60 నిమిషములు. యంత్రములు నమ్మదగినవైనకొలది 1985నుండి క్రమముగ దానిని పొడిగించిరి. ఆ నియమమువలననే దారి అక్కడక్కడ వంకరలు తిరుగును. ప్రయాణికుడు తాను ఎన్నడును చూడని, పేరైన వినని పట్టణముల చేరువనుండి పోవుచుండును. ఆ పట్టణములు అతనికొరకు కాచుకొనియున్నట్లే.

2023 జూన్ 6వ తేదీన ఢిల్లీనుండి శాన్ ఫ్రాన్సిస్కోకు పోవుచున్న ఎయిర్ ఇండియా విమానమున ఒక యంత్రమునకు లోపము కలిగెను. విమానచోదకులు దానిని రష్యాదేశపు తూర్పుకొననున్న మగదాన్ పట్టణమున క్షేమముగ దింపిరి. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. ఎవరికిని అపాయము కలుగలేదు. కాని ఆ పట్టణమున అందరికి చాలునన్ని వసతిగృహములు లేవు, భాష తెలియదు, మందులు పెట్టెలలో నుండిపోయెను. వారిలో వృద్ధులును పసిపిల్లలును ఉండిరి. కొందరిని ఒక పాఠశాలలో నేలపై పరుపులు పరచి పరుండబెట్టిరి. ఇచట మన దేశమున వారి బంధువులు అటువంటి ఊరు ఎచ్చటనున్నదో పటములలో వెదకుకొనిరి. గోళముమీద దారము లాగిచూచిన విద్యార్థికి మాత్రము అది ఆశ్చర్యము కాదు: మన దారమునకు తూర్పుగా, ఓఖోట్స్కు సముద్రపుటొడ్డున మగదాన్ కనబడును.

ముంబయినుండి మరియొక విమానము వచ్చి వారినందరిని ఎక్కించుకొనెను. అది మగదానునుండి జూన్ 8వ తేదీ ఉదయము 10 గంటలు దాటిన పిదప బయలుదేరి, అదే జూన్ 8వ తేదీన అర్ధరాత్రి దాటిన కొన్ని నిమిషములకు శాన్ ఫ్రాన్సిస్కోలో దిగెను. ముద్రణదోషమని యెంచవలదు. బయలుదేరుటకు పదిగంటలముందే చేరినట్లు గడియారములు చెప్పును. నిజముగ పట్టిన కాలము ఎనిమిది గంటలకు కొంచెము తక్కువ. మగదాన్ గడియారము ఆ ఋతువున శాన్ ఫ్రాన్సిస్కో గడియారముకంటె 18 గంటలు ముందున్నది. నడుమ పసిఫిక్ మహాసముద్రమున అంతర్జాతీయ దినరేఖ యున్నది. దానిని తూర్పుగా దాటువాడు గడచిన దినమును మరల పొందును.

తలిదండ్రులకు ఉపయోగపడు లెక్క ఇదియే గనుక దీనిని గూడ చేసి చూపెదము. మన గడియారము శాన్ ఫ్రాన్సిస్కో గడియారముకంటె చలికాలమున 13½ గంటలు ముందుండును; వేసవిలో వారు తమ గడియారములను ఒకగంట ముందునకు త్రిప్పుదురు గనుక 12½ గంటలు. చలికాలమున ఒక శనివారము తెల్లవారుజామున 4 గంటలకు విమానము ఢిల్లీలో బయలుదేరి 16 గంటలు పోయెననుకొనుడు. మన గడియారమున శనివారము రాత్రి 8 గంటలు కాగా, 13½ తీసివేసినచో అక్కడ శనివారము ఉదయము 6½ గంటలు. రాత్రి భోజనమునకు కూర్చుండువేళ ఇచటివారికి, చేరితినను వార్త అచటినుండి సూర్యోదయమునకు ముందే వచ్చును.

కాలపట్టికలో వ్రాసిన గంటలు ఎగిరిన కాలము మాత్రమే కాదు. ద్వారమునుండి విమానము కదలినది మొదలు, అవతలి ద్వారమున నిలుచువరకు గల కాలమంతయు అందు చేరును. నేలమీద ప్రాకుటయు, వరుసలో వేచియుండుటయు అందులోనివే. ఆలస్యమునకు కొన్ని నిమిషములు ముందే కలుపుటయు వాడుక. కావున విమానము సమయమునకు ముందే చేరెనని వినినప్పుడు అది అతివేగముగ పోయెనని యెంచనక్కరలేదు.

తిరుగుప్రయాణమున లెక్క తలక్రిందులగును. శాన్ ఫ్రాన్సిస్కోలో చలికాలపు శనివారము ఉదయము 10 గంటలకు బయలుదేరినప్పుడు మనకు శనివారము రాత్రి 11½ గంటలు. 16 గంటలు గడచి ఢిల్లీలో దిగునప్పటికి ఆదివారము మధ్యాహ్నము 3½ గంటలు. అచ్చటినుండి శంషాబాదుకు 1,260 కిలోమీటర్లు. అటుపిమ్మట ఖమ్మమో గుంటూరో పోవలసినవారికి బండిలో మరి కొన్ని గంటలు. ఆ చివరిభాగమునకు మాత్రము గాలి తోడురాదు.